పాలలో కణాల లెక్కతో దాగిన పొదుగువాపును పట్టుకోవడం ఎలా

పొదుగు వాచి, ఎర్రబడి, పాలు విరిగినట్టు ముక్కలుగా వచ్చే పొదుగువాపును కనిపెట్టడానికి పరీక్షలేవీ అక్కర్లేదు. చేతికీ కంటికీ తెలిసిపోతుంది. ఎక్కువ నష్టం చేసేది పైకి ఏమీ కనిపించని రకం. పాలు తెల్లగానే ఉంటాయి, పొదుగు మెత్తగానే ఉంటుంది, ఆవు మామూలుగానే మేస్తుంది. లోపల ఒక చన్ను మాత్రం నెలల తరబడి క్రిములను మోస్తూ, పాలు తగ్గిస్తూ, పక్క ఆవులకు అంటిస్తూ ఉంటుంది. దాన్ని పట్టుకునే దారి పాలలోని కణాల లెక్క, అంటే సోమాటిక్ సెల్ కౌంట్.

రిపోర్టులో పెద్ద అంకె కనబడగానే ఆ ఆవు పొదుగులోకి మందు ట్యూబు ఎక్కించేయడం చాలాచోట్ల జరిగే పని. ఒంటరి అంకె చెప్పేది తక్కువ. గత నెలల అంకెలు పక్కన పెట్టి చూడాలి, తర్వాత ఏ చన్నో తేల్చాలి, ఆపైన ఏ క్రిమో తెలుసుకోవాలి. మందు మాట ఆ తర్వాతే.

ఆ కణాలేమిటి, ఎన్ని ఉండొచ్చు

వీటిలో ఎక్కువ భాగం తెల్లరక్తకణాలు. కొద్దిగా పొదుగు లోపలి పొర నుంచి రాలినవి ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న పొదుగులోనూ కొన్ని కాపలా తిరుగుతూనే ఉంటాయి. క్రిమి లోపలికి చేరిందంటే రక్తంలోని న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు గంటల్లోనే పాలలోకి వచ్చిపడతాయి. గట్టి ఇన్ఫెక్షన్‌లో మొత్తం కణాల్లో 90 శాతం పైగా అవే కావచ్చు. లెక్క పెరగడమంటే ఆవు శరీరం పోరాడుతోందని అర్థం. గెలుస్తోందా ఓడుతోందా అన్నది ఆ అంకెను బట్టి తెలియదు.

ఏ జబ్బూ లేని చన్నులో మిల్లీలీటరుకు లక్ష లోపే ఉంటాయి. తొలిచూలు ఆవుల్లో చాలాసార్లు 50 వేలు కూడా దాటవు. నాలుగు చన్నుల పాలు కలిపి చూసినప్పుడు 2 లక్షలు దాటితే కనీసం ఒక చన్నులో ఇన్ఫెక్షన్ ఉందని లెక్కేసుకోవాలి. తొలిచూలు ఆవుకు 1.5 లక్షల దగ్గరే అనుమానించడం మంచిది. ట్యాంకులో కలిసిన పాలకు ఐరోపా సమాఖ్య 4 లక్షలు, అమెరికా 7.5 లక్షలు హద్దుగా పెట్టాయి. ఇవి పాలు కొనేవాళ్ళ కోసం పెట్టిన హద్దులు. 4 లక్షల లోపు ఉన్నాం కదా అని మంద ఆరోగ్యంగా ఉందనుకోవడానికి వీల్లేదు.

రెండు సాకులు తరచుగా వినబడతాయి: ‘ఎండలకు పెరిగింది’, ‘ముసలి ఆవు కదా, అంతే ఉంటుంది’. ఇన్ఫెక్షన్ లేని ఆవులో ఎండ వల్ల గాని, వయసు వల్ల గాని లెక్క పెద్దగా పెరగదు. వేడి, తేమ ఉన్న రోజుల్లో ఆవులు పడుకునే పక్కల్లో క్రిములు ఎక్కువగా వృద్ధి చెందుతాయి, కొత్త ఇన్ఫెక్షన్లు ఎక్కువ వస్తాయి. ముసలి ఆవు ఎక్కువ ఈతలు దాటింది కాబట్టి క్రిమి అంటుకునే అవకాశాలూ ఎక్కువసార్లు వచ్చాయి. రెండుచోట్లా కారణం ఇన్ఫెక్షనే.

నిజంగా మినహాయించాల్సినవి వేరే ఉన్నాయి. ఈనిన మొదటి ఐదు రోజులు జున్నుపాలలో లెక్క సహజంగానే ఎక్కువ. ఒట్టిపోయే ముందు, రోజుకు నాలుగైదు లీటర్లే ఇస్తున్నప్పుడు, ఉన్న కణాలు కొద్ది పాలలో చిక్కబడి అంకె పెరుగుతుంది. ఈ రెండు సందర్భాల్లోనూ నాలుగు చన్నులూ ఇంచుమించు ఒకేలా పెరుగుతాయి. ఇన్ఫెక్షన్ అయితే ఒకటో రెండో మాత్రమే ఎగురుతాయి. ఈ తేడాను గుర్తుంచుకుంటే అనవసరపు మందులు చాలా తప్పుతాయి.

మొదటి మెట్టు: ట్యాంకు పాలతో మొదలుపెట్టి ఆవు దాకా రావడం

ట్యాంకు అంకె మంద మొత్తానికి సగటు. అందులో కొద్ది ఆవుల వాటానే పెద్దది. పది ఆవులున్నాయనుకోండి. తొమ్మిది ఆవులు తలా 12 లీటర్లు, లక్ష లెక్కతో ఇస్తున్నాయి. పదోది 10 లీటర్లు, 20 లక్షల లెక్కతో ఇస్తోంది. ప్రతి ఆవు పాలను దాని లెక్కతో గుణించి, అన్నీ కూడి, మొత్తం లీటర్లతో భాగించండి: తొమ్మిదింటికి 108, పదోదానికి 200, కలిపితే 308. దాన్ని 118 లీటర్లతో భాగిస్తే 2.6 లక్షలు. ఆ ఒక్క ఆవు పాలు పక్కన పెడితే ట్యాంకు లెక్క లక్షకు దిగుతుంది. ట్యాంకులోని కణాల్లో దాదాపు మూడింట రెండు వంతులు దానివే.

అందుకే నెలకోసారి ఆవువారీగా నమూనా తీయాలి. తీసేటప్పుడు జరిగే పొరపాట్లే ఎక్కువ రిపోర్టులను పాడుచేస్తాయి.

నమూనా పూర్తి పితుకుకు ప్రతినిధిగా ఉండాలి. తొలి ధారల్లోనూ, చివర పిండిన ధారల్లోనూ, మధ్య పాలలోనూ లెక్క వేరు. చివరి ధారల్లో కొవ్వుతో పాటు కణాలూ ఎక్కువ. చన్ను కింద బాటిలు పట్టి నాలుగు ధారలు పిండి పంపితే అది ఆ ఆవు లెక్క కాదు. పాలన్నీ ఒక బకెట్లోకి తీసుకుని, గరిటెతో అడుగు నుంచి పైకి బాగా కలిపి, వెంటనే 30 నుంచి 50 మిల్లీలీటర్లు తీయండి. పాలు నిలవ ఉంటే కొవ్వు పైకి తేలుతూ కణాలను తనతో లాక్కుపోతుంది. పది నిమిషాలు ఆగి పైనుంచి ముంచితే లెక్క తప్పుతుంది.

ప్రతి నెలా ఒకే పూట తీయండి. పితికిన వెంటనే మిగిలిన పాలలో లెక్క పెరిగి, గంటలు గడిచేకొద్దీ కొత్త పాలు చేరి తగ్గుతుంది. రెండు పితుకుల మధ్య వ్యవధి తక్కువైతే లెక్క కాస్త ఎక్కువగా వస్తుంది. ఈ నెల పొద్దున, వచ్చే నెల సాయంత్రం తీసి రెండూ పోల్చుకోవడం వృథా.

బాటిలు మీద ఆవు నంబరు, తేదీ, పూట రాయండి. నిల్వమందు బ్రోనోపాల్ బిళ్ళ వేసి, అది కరిగేదాకా బాటిలును మెల్లగా తలకిందులు చేస్తూ ఉండండి. గట్టిగా కుదిపితే నురగ వస్తుంది, వెన్న కడుతుంది. 4 డిగ్రీల దగ్గర చల్లగా ఉంచండి కానీ గడ్డకట్టనివ్వకండి. గడ్డకట్టి కరిగిన పాలలో కణాలు పగిలిపోతాయి, యంత్రం వాటిని లెక్కపెట్టలేదు.

ల్యాబులో యంత్రం కణాల జన్యుపదార్థానికి మెరిసే రంగు అంటించి, లేజరు ముందునుంచి ఒక్కొక్కటిగా నడిపించి లెక్కపెడుతుంది. అది లేనిచోట 0.01 మిల్లీలీటరు పాలను స్లైడు మీద ఒక చదరపు సెంటీమీటరు మేర పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద లెక్కించే పాత పద్ధతి ఇప్పటికీ నమ్మకమైనదే. కాకపోతే లెక్కించేవారికి ఓపిక కావాలి.

రెండో మెట్టు: అంకెల వరుసను చదవడం

కణాల లెక్క రెట్లలో పెరుగుతుంది కాబట్టి రిపోర్టుల్లో లీనియర్ స్కోరు అని మరో గడి ఉంటుంది. స్కోరు 3 అంటే లక్ష. ఒక మెట్టు ఎక్కితే లెక్క రెట్టింపు, ఒక మెట్టు దిగితే సగం. 4 అంటే 2 లక్షలు, 5 అంటే 4 లక్షలు, 7 అంటే 16 లక్షలు. కిందికి 2 అంటే 50 వేలు, 1 అంటే 25 వేలు. సగటు తీయాలంటే స్కోరుకే తీయాలి. 50 వేలు, 50 వేలు, 16 లక్షలు వచ్చిన మూడు నెలలకు అంకెల సగటు తీస్తే 5.6 లక్షలు దాటి, ఈ ఆవు ఎప్పుడూ జబ్బుదే అన్నట్టుంటుంది. స్కోర్ల సగటు 3.7, అంటే సుమారు 1.6 లక్షలు. ఒకే ఒక్క నెల దెబ్బతిన్న ఆవును అది ఎక్కువ న్యాయంగా చూపుతుంది.

పాల నష్టం కూడా స్కోరుతోనే నడుస్తుంది. ఎక్కువ పాలిచ్చే హోల్‌స్టీన్ జాతి మందల్లో వాడే అంచనా ప్రకారం స్కోరు 2 దాటాక ఒక్కో మెట్టుకు, రెండో ఈత మొదలు ఆపై ఆవు ఆ ఈత మొత్తమ్మీద దాదాపు 180 కిలోల పాలు పోగొట్టుకుంటుంది. తొలిచూలు ఆవు అందులో సగం.

ఇక వరుస. 2 లక్షల గీత గీసి, ప్రతి ఆవు ఆ గీతకు ఏ పక్కనుంచి ఏ పక్కకు వెళ్ళిందో చూడండి. కిందినుంచి పైకి దాటితే కొత్త ఇన్ఫెక్షన్. పైనుంచి కిందికి దిగితే నయమై ఉండొచ్చు. వరుస మూడు పరీక్షల్లో రెండుసార్లు పైన ఉంటే పాతుకుపోయిన కేసు.

వరుస ఆకారం క్రిమిని కూడా సూచిస్తుంది, అనుమానం వరకే. ఒక్కసారి గట్టిగా ఎగిరి, వచ్చే నెలకు మామూలైతే ఈ-కోలై లాంటి పర్యావరణ క్రిమి వచ్చిపోయి ఉండొచ్చు. 1.5 లక్షలు, 6 లక్షలు, 2 లక్షలు, 9 లక్షలు అంటూ ఉయ్యాలలా ఊగుతుంటే స్టాఫిలోకాకస్ ఆరియస్‌ను అనుమానించండి. అది పొదుగు కండలో చిన్న చిన్న గడ్డలు కట్టుకుని దాక్కుని, విడతలుగా పాలలోకి వస్తుంది. ఈ రకం ఆవు ఒక నెల గీత కిందికి దిగగానే నయమైందని జాబితాలోంచి కొట్టేయడం చాలా ఖరీదైన పొరపాటు. నిలకడగా పది లక్షల పైన కూర్చుంటే స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే గుర్తుకు రావాలి. 2 నుంచి 4 లక్షల మధ్య మెల్లగా నడిచేవి తరచు కోయాగులేజ్ నెగెటివ్ స్టాఫిలోకాకస్‌లు. వీటిలో చాలా వరకు వాటంతటవే పోతాయి.

ఒట్టిపోయే ముందు చివరి అంకెనూ, ఈనాక మొదటి అంకెనూ పక్కపక్కన పెట్టి చూడటం చాలామంది మరిచిపోతారు. ముందు తక్కువగా ఉండి, ఈనాక గీత దాటితే ఇన్ఫెక్షన్ ఒట్టి కాలంలోనో ఈనే చోటనో పట్టింది. పితికే పద్ధతిని ఎంత సరిచేసినా ఈ రకం తగ్గదు. ఈనే చోటులోని పక్కను, తడిని, పేడను సరిచేయాలి.

ఇక్కడ ఒక చిక్కుంది. నాలుగు చన్నుల పాలు కలిసిపోయాక జబ్బు చన్ను లెక్క పలచబడుతుంది. మూడు చన్నులు 50 వేలతో ఉండి, ఒకటి 8 లక్షలతో ఉంటే కలిపిన లెక్క 2.4 లక్షలు, దొరికిపోతుంది. అదే చన్ను 5 లక్షలతో ఉంటే కలిపిన లెక్క 1.6 లక్షలే, తప్పించుకుంటుంది. కాబట్టి గీత కింద ఉన్నా, గత నెల కంటే స్కోరులో రెండు మెట్లు ఎగబాకిన ఆవును చన్నువారీ పరీక్షకు పిలవండి.

మూడో మెట్టు: ఏ చన్నో తేల్చే పరీక్ష

దీనికి కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్, పొట్టిగా సీఎంటీ. 1957లో షాల్మ్, నూర్లాండర్ ప్రకటించిన ఈ పరీక్షకు కావలసినవి నాలుగు గిన్నెలున్న తెడ్డు, డిటర్జెంట్ కలిపిన ద్రావణం. డిటర్జెంట్ కణాల గోడలు పగలగొడుతుంది. లోపలి జన్యుపదార్థం బయటపడి జిగురు కడుతుంది. కణాలెక్కువైతే జిగురెక్కువ. ద్రావణంలో రంగు కూడా ఉంటుంది. పాలు క్షారం వైపు జరిగితే ఊదా ముదురుతుంది. కానీ రంగు చూసి తీర్పు చెప్పకండి, జిగురే సాక్ష్యం.

పితకబోయే ముందు, పొదుగు శుభ్రం చేసి తుడిచాక చేయండి. పితికిన తర్వాత మిగిలిన పాలతో చేస్తే లెక్క ఎక్కువ చూపుతుంది.

1. ఒక్కో చన్ను నుంచి మూడు తొలి ధారలు నల్ల అడుగున్న గిన్నెలోకి పిండి చూడండి. ముక్కలు, నీళ్ళపాలు, నెత్తుటి చార కనిపిస్తే అది పైకి కనబడిన పొదుగువాపే, దానికి సీఎంటీ అవసరం లేదు.

2. తెడ్డు పిడి ఎప్పుడూ ఆవు తోకవైపే ఉండేలా లేదా ఎప్పుడూ తలవైపే ఉండేలా పట్టండి. మార్చి పడితే ఏ గిన్నె ఏ చన్నుదో తారుమారవుతుంది. చన్ను ఒకటి, మందు మరొక దానికి అయ్యేది ఇక్కడే.

3. నాలుగు గిన్నెల్లోకి ఒక్కో చన్ను నుంచి ఒకటి రెండు ధారలు పిండండి. తెడ్డు వంచి, లోపలి గీత వరకు ఒలకబోసేయండి. ఒక్కో గిన్నెలో సుమారు 2 మిల్లీలీటర్లు మిగలాలి.

4. అంతే పరిమాణంలో ద్రావణం పోయండి. పాలెక్కువై ద్రావణం తగ్గితే కణాలన్నీ పగలవు, పాజిటివ్ కాస్తా నెగెటివ్‌గా కనబడుతుంది. ఎక్కువసార్లు తప్పేది ఈ కొలతే.

5. తెడ్డును నేలకు సమంగా పట్టి గుండ్రంగా తిప్పండి. పది సెకన్లలో జిగురు తెలుస్తుంది. తిప్పుతూనే, 20 సెకన్ల లోపు చదివేయండి. ఆలస్యమైతే స్వల్ప జిగురు కరిగిపోయి మామూలుగా కనబడుతుంది.

6. రాసుకుని, తెడ్డును నీళ్ళతో కడిగి పక్క ఆవుకు వెళ్ళండి. తెడ్డు ఆరనక్కర్లేదు, కాని నీళ్ళు నిలిచి ఉండకూడదు.

చదవడం ఇలా. నీళ్ళలా పారితే నెగెటివ్, 2 లక్షల లోపు. వంచినప్పుడు అడుగున సన్నగా జిగురు జాడ కనబడి, తిప్పుతుంటే మాయమైతే ‘జాడ’, సుమారు 1.5 నుంచి 5 లక్షలు. చిక్కబడినా ముద్దకట్టకపోతే 1, సుమారు 4 నుంచి 15 లక్షలు. తిప్పినప్పుడు మధ్యకు చేరి జిగురు ముద్ద కడితే, గిన్నె అడుగు అక్కడక్కడ బయటపడితే 2, సుమారు 8 నుంచి 50 లక్షలు. గుడ్డులోని తెల్లసొనలా మధ్యలో గుబ్బ కట్టి, తిప్పడం ఆపినా అలాగే నిలిస్తే 3, 50 లక్షల పైన. ఈ హద్దులు ఒకదానిలోకి ఒకటి చొరబడతాయి కాబట్టి సీఎంటీ స్కోరును ల్యాబు అంకెగా మార్చి రాయడం అర్థం లేని పని. దాని విలువ పోలికలో ఉంది: మూడు చన్నులు నీళ్ళలా పారుతుంటే ఒకటి జాడ చూపినా ఆ ఒక్కదాన్ని వదలకండి. నాలుగూ కొద్దికొద్దిగా జిగురు చూపితే ఈనిన రోజు, పాల దిగుబడి ముందు చూడండి.

ద్రావణం దొరకకపోతే బట్టలుతికే డిటర్జెంట్ పొడిని 3 శాతం ద్రావణంగా కలిపి, అంటే లీటరు నీళ్ళకు 30 గ్రాములు, అదే పద్ధతిలో వాడవచ్చు. పెద్ద స్కోర్లను బాగానే పట్టుకుంటుంది. జాడ స్థాయి దగ్గర నమ్మకం తక్కువ, పైగా పొడి రకం మారితే ఫలితమూ మారుతుంది. ఏదైనా ఒకే పొడికి కట్టుబడి, ఆరోగ్యంగా ఉన్న ఒక ఆవు పాలతో ముందు పోల్చి చూసుకోండి.

నాలుగో మెట్టు: క్రిమి పేరు తెలుసుకోవడం

సీఎంటీ చన్ను చూపిస్తుంది, క్రిమిని చూపించదు. దానికి కల్చర్, అంటే పాలలోని క్రిమిని ల్యాబులో పెంచి గుర్తించే పరీక్ష కావాలి, కల్చర్‌కు శుభ్రమైన నమూనా కావాలి. ఈ నమూనాలో నిల్వమందు వేయకూడదు. బ్రోనోపాల్ క్రిములను చంపేస్తుంది. కణాల లెక్క బాటిలునే కల్చర్‌కు పంపి, ‘ఏమీ పెరగలేదు’ అన్న రిపోర్టుతో నిశ్చింతగా ఉండటం అందుకే ప్రమాదం.

చేతికి తొడుగు వేసుకోండి. చన్నులను క్రిమిసంహారక ద్రావణంలో ముంచి 30 సెకన్లు ఆగి, ఒక్కో దానికి వేరే కాగితంతో పొడిగా తుడవండి. తొలి ధారలు రెండు మూడు పిండి పారేయండి. తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లో ముంచిన దూదితో చన్ను కొనను, దూది తెల్లగా వచ్చేదాకా తుడవండి. తుడిచేటప్పుడు మీకు దూరంగా ఉన్న చన్నులు ముందు, దగ్గరివి తర్వాత. పిండేటప్పుడు దగ్గరివి ముందు, దూరంవి తర్వాత. ఈ వరుస తప్పితే తుడిచిన కొనకు చేయి తగులుతుంది. ట్యూబును నిలువుగా పట్టకుండా పక్కకు వాల్చి, మూత లోపలి వైపు నేలకేసి ఉండేలా పట్టుకుని 3 నుంచి 5 మిల్లీలీటర్లు పిండండి. నిలువుగా పడితే పొదుగు మీది దుమ్ము, వెంట్రుకలు అందులోకే రాలతాయి. వెంటనే ఐసు మీద పెట్టి 24 గంటల్లో ల్యాబుకు చేర్చండి, లేకపోతే గడ్డకట్టించండి. కల్చర్ నమూనాను గడ్డకట్టించవచ్చు.

మూడు, అంతకంటే ఎక్కువ రకాల క్రిములు పెరిగితే అది నమూనా చెడిపోయిందనే అర్థం, మళ్ళీ తీయాలి. స్టాఫ్ ఆరియస్ అనుమానంతో పంపింది ఒకసారి ఏమీ పెరగకుండా వస్తే అక్కడితో వదలకండి. అది విడతలుగా వచ్చే రకం కాబట్టి రెండు మూడుసార్లు తీయాలి.

ఐదో మెట్టు: ఏం చేయాలి

పేరు తెలిశాక నిర్ణయం పశువైద్యుడితో కూర్చుని తీసుకోవాలి. స్ట్రెప్ అగలాక్టియే పెన్సిలిన్ రకాలకు బాగా లొంగుతుంది. పాలిస్తున్నప్పుడే వైద్యం చేయడం లాభమే. అయితే మందలో ఉన్న రోగి ఆవులన్నిటికీ ఒకేసారి చేయాలి, ఒక్కదాన్ని వదిలినా మళ్ళీ పాకుతుంది. స్టాఫ్ ఆరియస్ వేరే కథ. తొలిచూలు ఆవు, ఒక్క చన్ను, కొత్తగా పట్టింది, లెక్క ఇంకా మితంగానే ఉంది అంటే ప్రయత్నించవచ్చు. ముసలి ఆవు, రెండు మూడు చన్నులు, నెలల తరబడి ఎక్కువ లెక్క అంటే మందుకు పెట్టిన డబ్బూ, పారబోసిన పాలూ తిరిగి రావడం కష్టం. అలాంటి దాన్ని చివర్లో పితకడం, ఆ చన్నును శాశ్వతంగా ఒట్టిపోనివ్వడం, లేదా మందలోంచి తీసేయడం మిగిలిన దారులు. ఈ-కోలై తరహా పైకి కనబడని కేసుకు యాంటీబయాటిక్ వల్ల ఒరిగేది తక్కువ.

మందు వేసిన ఆవు పాలను మందు చీటీ మీద రాసిన రోజులు పూర్తయ్యేదాకా వేరుగా పారబోయాలి. ఎక్కువ లెక్క ఉన్న పాలను, ముఖ్యంగా స్టాఫ్ ఆరియస్ ఉన్నవాటిని, పెంచుకోబోయే పెయ్యలకు కాచకుండా పట్టకండి.

నయమైందో లేదో తేల్చడానికి తొందర పనికిరాదు. క్రిమి పోయాక కూడా కణాలు దిగడానికి కొన్ని వారాలు పడుతుంది. వారానికే సీఎంటీ చేసి జిగురు చూసి, మందు పనిచేయలేదని రెండో కోర్సు మొదలుపెట్టడం పొరపాటు. రెండు మూడు వారాలకు కల్చర్, నాలుగు నుంచి ఆరు వారాలకు కణాల లెక్క చూడండి.

ఒట్టిపోయేటప్పుడు కూడా ఈ అంకెలే దారి చూపుతాయి. చివరి నెలల్లో 2 లక్షల లోపే ఉండి, ఆ ఈతలో పైకి కనబడిన పొదుగువాపు లేని ఆవుకు చాలా మందల్లో యాంటీబయాటిక్ లేకుండా చన్ను రంధ్రాన్ని మూసే సీలెంట్ ఒక్కటే వేస్తున్నారు. గీత పైన ఉన్నదానికి ఒట్టికాలపు యాంటీబయాటిక్, దాని మీద సీలెంట్. సీలెంటుకు ముందు చన్ను కొనను ఆల్కహాల్‌తో తుడవడంలో అలసత్వం చేస్తే క్రిమిని లోపల పెట్టి మూత వేసినట్టే. దాని ఫలితం సీలెంటే వేయని ఆవు కంటే హీనంగా ఉండొచ్చు.

మంద స్థాయిలో

నెలనెలా చూడాల్సినవి మూడు: 2 లక్షలు దాటిన ఆవుల శాతం, ఆ నెల కొత్తగా దాటినవి, ఈనాక మొదటి పరీక్షలోనే దాటినవి. మొదటిది 15 శాతం లోపు ఉంచుకోవడం మామూలుగా పెట్టుకునే గురి. ఈనాక మొదటి పరీక్ష బాగానే ఉండి, పాలిచ్చే కాలంలో కొత్తవి పెరుగుతుంటే పితికే చోటు చూడండి. ఆవు నుంచి ఆవుకు క్రిమిని మోసేవి పితికేవారి చేతులు, అందరికీ వాడే తుడుపు గుడ్డ, యంత్రపు రబ్బరు గొట్టాలు. ఒక్కో ఆవుకు వేరే గుడ్డ, పితికాక వెంటనే అయోడిన్ ద్రావణంలో చన్ను పూర్తిగా ముంచడం, జబ్బు ఆవులను చివర్లో పితకడం, ఈ మూడూ సరిగ్గా జరుగుతున్నాయా అని పక్కన నిలబడి చూడాలి. అడిగితే అందరూ చేస్తున్నామనే అంటారు. ముంచిన చన్నుకు కాగితం చుట్టి చూడండి. వెనుకవైపు మరక పడకపోతే అక్కడ మందు తగల్లేదు. పితికాక మేత వేసి అరగంట ఆవును నిలబడనివ్వండి. చన్ను రంధ్రం మూసుకోకముందే పేడలో పడుకుంటే ముంచిన మందు వృథా.

యంత్రంతో పితికేవారు చన్నుకు తొడిగే రబ్బరు లైనర్లను 2,500 పితుకులకు మార్చాలి. 20 ఆవులు, 4 యూనిట్లు, రోజుకు రెండు పూటలు అయితే ఒక్కో యూనిట్ రోజుకు పది ఆవులను పితుకుతుంది, అంటే 250 రోజులకు లైనర్లు మార్చే వేళ. పాతబడ్డ రబ్బరులో పగుళ్ళు పడి క్రిములు చేరతాయి, బిగువు తగ్గి లైనర్ జారుతుంది. జారినప్పుడు లోపలికి దూసుకొచ్చే గాలి పాల చుక్కలను తిరిగి చన్ను రంధ్రంలోకి కొడుతుంది. పితికేటప్పుడు బుస్సుమని గాలి పీల్చే శబ్దం పదే పదే వినబడుతుంటే 250 రోజులు నిండేదాకా ఆగకండి.